రెండో వైపు ఆఖరి పాట

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి ఆ రికార్డు వచ్చినప్పుడు నేను భయపడాల్సినవాటన్నిటికీ భయపడ్డాను, ఒక్కదానికి తప్ప.

మా అమ్మాయి దాన్ని చంకలో పెట్టుకుని వచ్చింది. పాతసామాన్ల కొట్టులో కొన్నదట. అంతకు నెల ముందు అదే కొట్టునుంచి మూత ఊడిన రికార్డు ప్లేయరు ఒకటి మోసుకొచ్చింది. వాళ్ళ నాన్న పనిముట్ల పెట్టెలోంచి సన్న స్క్రూడ్రైవరు తీసుకుని, పదిహేను రోజులు దానితో కుస్తీ పట్టి తిరిగేలా చేసింది. తిరగడమైతే తిరిగింది గానీ, పెట్టడానికి ఇంట్లో ఒక్క రికార్డూ లేదు. ఇప్పుడు ఇది.

"ఎవరిదే ఇది?" అన్నాను.

"ఎవరిదో. ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేశారట."

"ఎందుకు ఖాళీ చేశారు? ఎవరన్నా పోయారా?"

"అమ్మా, నేను రికార్డు కొన్నాను, శవాన్ని కాదు."

అట్ట తీసుకుని చూశాను. వెలిసిపోయిన నీలం మీద నలుగురు మగవాళ్ళు. నలుగురికీ ఒకటే కోటు, ఒకటే క్రాపు. ఒక్కడి మొహంలోనైనా నవ్వు లేదు. ఇస్త్రీ బల్లల్లాంటివి ముందు పెట్టుకుని, ఎవరి శిక్షో వినడానికి వచ్చినట్టు నిలబడ్డారు. అవి సింథసైజర్లట. డోలు లేదు, ఫిడేలు లేదు, అంతా కరెంటేనట. నలభై ఏళ్ళ కిందట ఈ పాటలు మోగని చోటు లేదని అమ్మాయి చెప్పింది. అట్ట ఒక మూల ఎలుక కొరికి ఉంది. ఎలుక అనుకోగానే నాకు తెలిసిన రోగాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఫినాయిల్ నీళ్ళలో గుడ్డ ముంచి తెచ్చేసరికి, అమ్మాయి రికార్డుని గుండెలకు హత్తుకుని ఒక్క కేక పెట్టింది.

"నాన్నా, సైరన్ మోగింది!"

సైరన్ అంటే నేనే. మేం పనిచేసే ఆటల పార్కులో అందరూ నన్ను అలాగే అనేవారు. రెండేళ్ళ కిందట పొగ వాసన వస్తోందని నేను గోల చేస్తే జనాన్నంతా బయటికి పంపేశారు. తీరా చూస్తే క్యాంటీన్‌లో పాలు మాడాయి. ఆ తరవాత నా మాటకి ఎవరూ చెవి ఇవ్వలేదు. నిజం చెప్పొద్దూ, నేను కూడా.

మా ఆయన ఆ పార్కులో జెయింట్ వీల్ మేస్త్రి. వెనక గోడకు ఆనుకుని స్టాఫుకిచ్చిన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. వీల్‌కి ఇరవై నాలుగు తొట్లు. తొట్టికి ఇద్దరు కూర్చుంటారు. ఆ సీట్లకు రెగ్జిన్ కవర్లు కుట్టేది నేను. సెలవుల్లో వీల్ దగ్గర టికెట్లు చింపేది అమ్మాయి. ఆ ఉద్యోగం పోతే ముగ్గురికీ పని పోతుంది, తల దాచుకునే గది కూడా పోతుంది.

ఆయన పనితనమంతా చెవిలోనే ఉందనేవారు. రోజూ పార్కు తెరవకముందు వీల్‌ని ఖాళీగా పది చుట్లు తిప్పించి, ఇరుసు కింద కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఏ బేరింగు మూలుగుతోందో, ఏ చెయిన్ వదులైందో విని చెప్పేసేవారు. వేలు ఎత్తితే ఆపాలి. చెయ్యి ఊపితే గేటు తియ్యాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. రిజిస్టరు లేదు, సంతకం లేదు. ఆయన చెయ్యి ఊపడమే సంతకం.

ఎండలకి మామూలు రోజుల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా పార్కు మూసేవారు. ఆ వేళప్పుడు ముగ్గురం భోంచేసి, కిటికీకి తడిగుడ్డ కట్టుకుని కూర్చునేవాళ్ళం. అప్పుడే అమ్మాయి రికార్డు పెట్టేది.

"ఏమంటున్నాడే వాడు?" అని అడిగాను మొదటి రోజు.

"ఎవరో వెళ్ళిపోయారట. ఇతను గదిలో ఒక్కడే ఉన్నాడట."

"అంతేనా? ఆమాత్రం దానికి ఇంత కరెంటు ఎందుకు?"

మా ఆయన మాత్రం దానికి పడిపోయారు. ప్లేయరు పక్కన చాప వేసుకుని, బల్ల మీద అరచెయ్యి ఆనించి వినేవారు. "ఇది పాట కాదే, వర్క్‌షాపు! కింద దుబ్ దుబ్ మని కొట్టేది గేర్‌బాక్సు. దాని మీద వచ్చేది చెయిన్. ఎంత శుభ్రంగా ఉందో చూశావా, ఒక్క పన్ను కూడా జారలేదు."

"వాళ్ళు నీ మాట వింటే ఏడుస్తారు నాన్నా" అని అమ్మాయి విరగబడి నవ్వేది.

వాళ్ళిద్దరూ అలా తలలు కలిపి కూర్చుంటే నాకు ముచ్చటేసేది. వెంటనే భయం కూడా వేసేది. ముచ్చటగా ఉన్నదేదీ నా ఇంట్లో ఎక్కువ రోజులు నిలవదని నాకెప్పుడూ ఒక అనుమానం.

రెండో వారంలో అమ్మాయి రికార్డుని రెండో వైపుకి తిప్పింది. "నాన్నా, ఇందులో ఆఖరి పాట ఉందే, అది నా ప్రాణం. కళ్ళు మూసుకుని విను" అని ముల్లు దించింది.

గాజుగ్లాసు అంచు మీద తడివేలు తిప్పితే వచ్చేలాంటి మోత ఒకటి మొదలైంది. సన్నగా, పైన, అదొక్కటే. కింద గేర్‌బాక్సూ లేదు, చెయినూ లేదు. నా పళ్ళు జివ్వుమన్నాయి. అర నిమిషం అలాగే సాగింది.

మా ఆయన కళ్ళు తెరిచి, "ముల్లు సరిగ్గా పడినట్టు లేదు, చూడమ్మా" అన్నారు.

అమ్మాయి పకపకా నవ్వింది. "ఏం జోకు నాన్నా!"

ఆయన కూడా నవ్వారు. ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ తరవాత కళ్ళు మూసుకోలేదు. అమ్మాయి మొహమే చూస్తూ కూర్చున్నారు. అది తల ఊపితే తనూ ఊపారు. అది చిన్నగా నవ్వితే తనూ నవ్వారు.

నేను కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున చిరిగిన కవరు ఒకటి వంకగా పట్టుకుని వీల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇరుసు కింద నిలబడి ఉన్నారు. కళ్ళు మూసుకున్నారు. పది చుట్లు. చెయ్యి ఊపారు. గేటు తీశారు. పిల్లలు కేరింతలు కొడుతూ లోపలికి పరుగెత్తారు. చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరుగెత్తే ఆ చిన్నకాళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం అమ్మాయి స్నానానికి వెళ్ళగానే అడిగాను. "ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నన్ను సైరన్ అనండి, పిచ్చిదనండి. ఎప్పట్నుంచి వినపడటం లేదో చెప్పండి."

ఆయన చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా గుడ్డ తీసుకుని వేలు వేలూ తుడుచుకున్నారు. "చలికాలం నుంచి. మాటలు వినపడతాయి. లావు చప్పుళ్ళన్నీ వినపడతాయి. సన్నవే... పోయాయి."

"మరి రోజూ చెయ్యి ఎలా ఊపుతున్నారు?"

"అలవాటు మీద."

కిటికీ గుడ్డ పక్కనుంచి ఆగిన వీల్ నీడ గది గోడ మీద పడింది. చువ్వలు చువ్వలుగా, నా కుట్టుమిషన్ మీదినుంచి ఆయన వీపు దాకా. నేను ఆ నీడనే చూస్తూ, "మేనేజరుకి చెప్పండి" అన్నాను.

"చెబితే సాయంత్రానికల్లా కొత్త మేస్త్రి దిగుతాడు. మన సామాను వీధిలో ఉంటుంది. సీజన్ అయ్యాక ఎలాగూ వీల్ మొత్తం విప్పి బేరింగులన్నీ మారుస్తాం. ఆ పని చూసుకుని, నా అంతట నేనే తప్పుకుంటాను. ఇంకెంత, ఇరవై ఆరు రోజులు."

"ఈ ఇరవై ఆరు రోజుల్లో ఏమన్నా అయితే?"

ఆయన నా వైపు తిరిగారు. పెళ్ళినాటి నుంచీ నన్ను ఏదీ అడగని మనిషి. "నీకు వినపడుతుంది కదా" అన్నారు.

ముందు నాకు అర్థం కాలేదు. ఆయన బదులు నన్ను వినమంటున్నారు. అప్పుడే వీధిలోకి పరుగెత్తి అరవాల్సింది. అరవలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడేదాన్ని, తీరా ఉలిక్కిపడాల్సిన చోట తల ఊపాను.

ఆ రోజునుంచి ఆ రికార్డే నాకు బడి. ఆయన చెయ్యి బల్లకి ఆనించి, తనకి అందే చప్పుళ్ళు తాను పట్టుకుంటూ, అందనివి నాతో చెప్పించుకునేవారు. "ఇప్పుడు కింద మోగేది వదిలెయ్. మధ్యలో కొట్టుకునేది కూడా వదిలెయ్. దాని పైన ఏముంది?"

"సన్నగా ఏదో ఉంది."

"ఆగి ఆగి వస్తోందా, ఒకే తీరుగా ఉందా?"

"ఒకే తీరుగా."

"అదీ. బేరింగు ఎండిపోయినా, లోపల గుండు చితికినా ఇలాగే మొదలవుతుంది. మొదట్లో ఇంత సన్నగానే ఉంటుంది. లావైందంటే ఇక మన చేతిలో ఉండదు."

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. అది మా ఇద్దర్నీ చూసి మురిసిపోయేది. "ఈ వయసులో మీకిదేం పిచ్చే అమ్మా! ఇద్దరూ కోట్లు కుట్టించుకుని ఆ అట్ట మీద నిలబడండి, సరిపోతారు" అనేది. నవ్వలేక నవ్వేదాన్ని.

పొద్దున్నే ఇరుసుకి ఎదురుగా ఉన్న బల్ల మీద కుట్టుపని పట్టుకుని కూర్చోవాలి. వినపడితే లేచి నిలబడాలి. లేకపోతే కూర్చునే ఉండాలి. ఆయన ఓరకంట నన్ను చూసి వేలు ఎత్తడమో, చెయ్యి ఊపడమో చేస్తారు. అదీ మా ఒప్పందం. చూసేవాళ్ళకి ఆయన ఎప్పటిలాగే వింటున్నారు. నేను దారాలు తెంపుకుంటున్నాను.

నాలుగో రోజు లేచి నిలబడ్డాను. ఆయన ఆపించి, ఎడమపక్క మూత విప్పి చూశారు. ఏమీ లేదు. పార్కు గంట ఆలస్యంగా తెరిచారు.

మరో వారానికి మళ్ళీ నిలబడ్డాను. రెండు పక్కలా విప్పారు. గ్రీజు నిండుగా ఉంది, గుండ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. పూట మొత్తం పోయింది. మేనేజరు వచ్చి, "ఏం మేస్త్రీ, చక్రానికి జ్వరమా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఈసారి ఆలస్యంగా కాదు.

అప్పటికే ఆ పాట నా బుర్రలో తిష్ట వేసింది. గిన్నెలు తోముతుంటే అదే. మిషను తొక్కుతుంటే అదే. కుళాయి తిప్పితే అదే. ఎవరో తలుపు తీస్తే అదే. మూడోసారి నిలబడ్డప్పుడు ఆయన పైపైన గ్రీజు కొట్టి, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పారు. కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"అది వీల్‌లో లేదే. నీ తలలో ఉంది. రికార్డు మరీ ఎక్కువ విన్నావు."

"మరి నేనేం చెయ్యను?"

"భయం పక్కన పెట్టి విను. అంతే."

ఆ సాయంత్రమే మేనేజరు ఆయన్ని పిలిపించాడు. ఇంకొక్కసారి పొద్దున్నే వీల్ ఆగితే బయటి మేస్త్రిని పిలిపించి చూపిస్తానన్నాడు. బయటి మేస్త్రి వస్తే, మా ఆయనకి వినపడదన్న సంగతి అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

సీజన్లో చివరి ఆదివారం. ఆదివారాలు మధ్యాహ్నం మూసేది లేదు. ఎనిమిదిన్నరకే గేటు బయట వరస రోడ్డు దాకా సాగింది. మేనేజరు వాచీ చూసుకుంటూ ఆయన పక్కనే నిలబడ్డాడు. వీల్ తిరగడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. ఒళ్ళో రెగ్జిన్ ముక్క, చేతిలో సూది. ఆరో చుట్టులో పైన ఎక్కడో సన్నగా మోగింది.

నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆయన ఓరగా చూశారు. మేనేజరు ఆయన్ని చూస్తున్నాడు. తలలోదే, తలలోదే అని నాకు నేను చెప్పుకున్నాను. పళ్ళు బిగించి కూర్చున్నాను. ఏడు. ఎనిమిది. ఇంకా మోగుతోంది. పాటలోలాగే, ఒకే తీరుగా. భయం పక్కన పెట్టు, పక్కన పెట్టు. పది.

కూర్చునే ఉన్నాను.

ఆయన చెయ్యి ఊపారు.

ఇంటికి పోదామని లేచాను గానీ పోలేదు. వీల్ దగ్గరే ఎండలో తిరుగుతూ ఉండిపోయాను. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అమ్మాయి కిటికీలోంచి టికెట్లు చింపి ఇస్తూ, "ఏంటమ్మా, నువ్వూ ఎక్కుతావా?" అని ఎగతాళి చేసింది. మైకులో పాటలు, పిల్లల అరుపులు, ఐస్‌క్రీము బండి గంట. వాటన్నిటి మీదా ఆ మోత. పొద్దుటికంటే లావుగా. నాకు పిచ్చెక్కుతోందనే అనుకున్నాను.

పన్నెండున్నర వేళ నా పక్కనే ఒక చంటిపిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. ఓర్చుకోలేక రెండు చేతులతో చెవులు మూసుకున్నాను.

మోత ఆగిపోయింది.

చేతులు తీశాను. వచ్చింది. మూశాను. పోయింది. తలలో ఉన్నదైతే చెవులు మూస్తే ఎలా ఆగుతుంది?

స్విచ్ దగ్గర కూర్చున్నతని గదికి పరుగెత్తాను. "ఆపు! ఆపెయ్!"

"ఏంటి పిన్నీ, మళ్ళీ పాలు మాడాయా?" అని అతను పళ్ళికిలించాడు.

అతన్ని తోసి ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టాను. వీల్ ఒక్క కుదుపు కుదిపి ఆగింది. పైన తొట్లు ఊగాయి. మొదట కేరింతలు వినపడ్డాయి. కాసేపటికి అవి కేరింతలు కాకుండా పోయాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చి నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ తరవాత ఆయన వైపు తిరిగాడు. "మేస్త్రీ, ఈవిడ సంగతి మనకి తెలిసిందేగా. ఏమీ లేదని నువ్వొక్క మాట చెప్పు, తిప్పించేస్తాను. పైన నలభైమంది ఉన్నారు."

మా ఆయన నా వైపు చూశారు. ఎప్పటిలాగే, నేను కూర్చున్నానా, నిలబడ్డానా అని చూసినట్టు.

"ఆయన్ని అడక్కండి. ఆయనకి వినపడదు" అన్నాను. "చలికాలం నుంచి వినపడదు."

టికెట్ల కిటికీలో అమ్మాయి సగం చింపిన టికెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చేత్తో తిప్పుతూ ఒక్కొక్క తొట్టినే దించారు. రెండు గంటలు పట్టింది. సాయంత్రం బయటి మేస్త్రి వచ్చి కుడిపక్క మూత విప్పాడు. పేపరు మీద పోసి చూపించాడు. మూడు గుండ్లు పిండైపోయాయి, వాటిని పట్టుకునే ఉక్కు గిన్నె నిలువునా చీలింది. "ఈ పూట దాటేది కాదు" అని మేనేజరుతో చెప్పి చేతులు కడుక్కున్నాడు. మేనేజరు మా ఇద్దరి మొహాలూ చూడకుండానే నెలాఖరుకి గదులు ఖాళీ చెయ్యమన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి వాళ్ళ నాన్న ముందు నేల మీద కూర్చుంది. "నాన్నా, ఆ ఆఖరి పాట మొదలు... నీకు అసలు వినపడనే లేదా?"

"నీ మొహంలో వినేవాణ్ణి" అన్నారాయన.

అది లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ప్లేయరు తీగ ఊడదీసి చుట్టడం మొదలుపెట్టింది. ఆ చుట్టడమెంతసేపో.

ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. పదిమందిలో గుట్టు బయట పెట్టినందుకు తిడతారనుకున్నాను. తిట్టించుకోవడానికి తయారుగానే ఉన్నాను. ఆయన అడిగింది వేరు.

"పొద్దున నీకు వినపడిందా?"

లేదనొచ్చు. పొద్దున లేదు, మధ్యాహ్నమే మొదలైందనొచ్చు. ఆయన నమ్మేవారు. నమ్మడం తప్ప ఆయనకి వేరే దారి లేదు.

"ఆరో చుట్టులో" అన్నాను.

"కూర్చునే ఉన్నావు."

"కూర్చునే ఉన్నాను."

ఆయన పక్కగది వైపు తల తిప్పి, "అమ్మా, పొద్దుట్నుంచి వీల్ ఆగేదాకా ఎన్ని టికెట్లు చింపావు?" అన్నారు.

చుడుతున్న తీగ ఆగింది. "అయిదువందల పన్నెండు."

ఆయన తల ఊపారు. మళ్ళీ చెప్పమన్నారు. వినపడక కాదు.